ఫ్రెట్లు పీకకుండా గిటార్ ఇన్‌లేలు మార్చడం: అసలు చిక్కు ఎక్కడుంది?

గిటార్ మెడ (నెక్) మీద వేళ్లు ఆనే చెక్క పలక ఫ్రెట్‌బోర్డు, దాని మీద అడ్డంగా ఉండే లోహపు గట్లు ఫ్రెట్లు. ఆ బోర్డు మీద మూడు, ఐదు, ఏడు, తొమ్మిది, పన్నెండో ఫ్రెట్ల దగ్గర పొదిగి ఉండే చుక్కలు, పలకలే ఇన్‌లేలు. వేళ్లకు దారి చూపడం వాటి పని. గిటార్ అందంలో సగం కూడా వాటిదే. ఏళ్లు గడిచేకొద్దీ కొన్ని పచ్చబడతాయి, కొన్నిటి అంచులు లేస్తాయి, కొన్ని ఊడి చేతికొస్తాయి. ఏ లోపం లేకపోయినా ఆ ప్లాస్టిక్ తీసేసి నిజమైన ముత్యపు చిప్ప పెట్టుకోవాలని కొందరికి మనసవుతుంది. ఎవరికైనా ముందు వచ్చే అనుమానం ఒకటే: దీనికోసం ఫ్రెట్లన్నీ పీకాలా?

అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. పీకకుండా ఈ పని శుభ్రంగా రాదని ఒకరు, ఫ్రెట్ల జోలికే వెళ్లొద్దని ఇంకొకరు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల మనసులో ఉన్న ఇన్‌లేలు వేరు, గిటార్లు వేరు. చుక్కలు మార్చిన మనిషి అనుభవం, తీగలూ ఆకులూ పొదిగిన మనిషికి పనికిరాదు. కాబట్టి ఫ్రెట్లు పీకాలా వద్దా అనే ముందు, ఈ పనిలో ఫ్రెట్లు ఏ దశలో అడ్డొస్తాయో తెలుసుకోవాలి. పాత ముక్క తీసేటప్పుడు అవి అడ్డు రావు. గుంట తవ్వేటప్పుడు కాస్త ఇబ్బంది పెడతాయి. నిజంగా చేతులు కట్టేసేది చిట్టచివర, కొత్త ముక్కను బోర్డుతో సమంగా అరగదీసేటప్పుడు. ఈ సంగతి తెలిస్తే పని క్రమాన్నే మార్చుకోవచ్చు. చివర చేయాల్సిన అరుగుదలలో ఎక్కువ భాగాన్ని ముందే, గిటార్ బయటే పూర్తి చేయొచ్చు.

కొత్త గిటార్ తయారయ్యేటప్పుడు ఈ సమస్య ఉండదు. బోర్డు మీద గుంటలు తవ్వి ఇన్‌లేలు అంటిస్తారు. తర్వాత వంపు ఉన్న పొడవాటి దిమ్మకు ఉప్పుకాగితం చుట్టి, నట్ (తలవైపు తీగలు ఆనే పట్టీ) దగ్గర్నుంచి చివరిదాకా బోర్డు మొత్తాన్నీ ఒకేసారి అరగదీస్తారు. చెక్క, చిప్ప, ప్లాస్టిక్ అన్నీ కలిసి ఒకే వంపులోకి వస్తాయి. ఫ్రెట్లు దిగేది ఆ తర్వాతే. మనం మధ్యలో వచ్చి ఒక్క ముక్కను మార్చాలంటే, ఆ పొడవాటి దిమ్మను వాడే వీలు లేదు. అడుగడుగునా ఒక లోహపు గట్టు ఉంటుంది.

సరే, ఆ గట్లను పీకేస్తే పోదా? ఇక్కడ గిటార్‌కీ మన వీణకీ పెద్ద తేడా ఉంది. వీణ మెట్లు మైనం మీద కూర్చుంటాయి. మైనాన్ని వేడి చేసి మెట్టును జరపొచ్చు, మళ్లీ సర్దొచ్చు. గిటార్ ఫ్రెట్ మాత్రం చెక్కలో కోసిన సన్నటి గాటులోకి దిగి ఉంటుంది. ఆ గాటు వెడల్పు అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. ఫ్రెట్ అడుగు భాగానికి రెండు వైపులా చిన్న చిన్న ముళ్లు ఉంటాయి. అవి చెక్కను కరిచి పట్టుకుంటాయి. పైకి లాగితే ఆ ముళ్లు గాటు అంచుల్ని చిన్న పెళ్లలుగా లేపేస్తాయి. రోజ్‌వుడ్, ఎబొనీ రెండూ పెళుసు చెక్కలే కాబట్టి, సోల్డరింగ్ ఐరన్‌తో వేడి చేసి ఎంత జాగ్రత్తగా తీసినా కొంత నష్టం తప్పదు. తీసిన ఫ్రెట్‌ను మళ్లీ అదే గాటులో దించితే ముందున్న ఎత్తులో కూర్చోదు. గాటు వదులైపోయి ఉంటుంది. చివరికి కొత్త ఫ్రెట్లు వేసి, వాటిని సమం చేసి, తలలు గుండ్రంగా దిద్దేదాకా పని సాగుతుంది. నాలుగు ఇన్‌లేల కోసం మొదలైంది పూర్తి రీఫ్రెట్ దాకా పోతుందన్నమాట.

గిబ్సన్ కంపెనీ గిటార్లలో దీనికి తోడు ఇంకొకటి. పాత పద్ధతిలో చేసిన వాటికి బోర్డు అంచున ఉండే ప్లాస్టిక్ బైండింగ్, ప్రతి ఫ్రెట్ చివరనీ చిన్న బుడిపెలా కప్పి ఉంటుంది. ఫ్రెట్లు మార్చినప్పుడు మామూలుగా ఆ బుడిపెలు పోతాయి. ఫ్రెట్లు ఇంకా బాగా ఉన్న గిటార్‌కి ఈ శిక్ష వేయడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. అవి అరిగిపోయి ఎలాగూ మార్చాల్సిన స్థితిలో ఉంటే అది వేరే మాట. అప్పుడు రెండు పనులూ కలిపి చేయించుకోవడమే తెలివి.

అర మిల్లీమీటరు లెక్క

ఫ్రెట్‌బోర్డు పైకి చదునుగా కనిపించినా చదును కాదు. అడ్డంగా చూస్తే అది ఒక పెద్ద వృత్తంలో చిన్న ముక్క. ఆ వృత్తం వ్యాసార్థం గిబ్సన్ వారి లెస్ పాల్ మోడల్‌లో 12 అంగుళాలు, అంటే సుమారు 305 మి.మీ. పాత ఫెండర్ గిటార్లలో 7.25 అంగుళాలు, అంటే 184 మి.మీ. ఈ సంఖ్య ఎంత చిన్నదైతే బోర్డు అంత గుండ్రంగా ఉంటుంది. ఇన్‌లే ముక్క మాత్రం సాధారణంగా చదునైన బిళ్ల. వంపు తిరిగిన చెక్కలో చదునైన బిళ్లను పెట్టి, మధ్య భాగాన్ని సరిగ్గా సమం చేస్తే, రెండు చివరలూ చెక్క కంటే పైకి పొడుచుకొస్తాయి.

ఎంత పైకి? 6 మి.మీ. చుక్కకు 305 మి.మీ. వ్యాసార్థం మీద అది 0.015 మి.మీ. వెంట్రుక మందం కూడా లేదు. 184 మీద చూసినా 0.025 దాటదు. చుక్కలు మార్చినవాళ్లు ఇదేం పెద్ద పనా అనడానికి కారణం ఇదే. ఇప్పుడు లెస్ పాల్ తరహా ట్రెపిజాయిడ్ పలకను తీసుకోండి. అడ్డంగా 36 మి.మీ. ఉందనుకుంటే, 305 వ్యాసార్థం మీద దాని చివరలు 0.53 మి.మీ. పైకి లేస్తాయి. అంతే వెడల్పు పలకను 184 వ్యాసార్థపు బోర్డులో పెడితే 0.88 మి.మీ. ముత్యపు చిప్ప బిళ్లలు మామూలుగా 1.3 నుంచి 1.5 మి.మీ. మందంలో దొరుకుతాయి. 1.3 మి.మీ. బిళ్లలో చివర 0.53 అరగదీస్తే మిగిలేది 0.77. ఫర్వాలేదు. అదే 0.88 తీసేస్తే మిగిలేది 0.42, కాగితంలా పలచన. గుండ్రటి బోర్డులో వెడల్పాటి పలకలు పెట్టాలనుకునేవాళ్లు మందమైన బిళ్ల కొనడం అందుకే మంచిది.

మరి ఆ అర మిల్లీమీటరు చిప్పను ఎక్కడ అరగదీయాలి? తీగ మోగే పొడవు (స్కేలు) 628 మి.మీ. ఉన్న లెస్ పాల్‌లో రెండో ఫ్రెట్‌కీ మూడో ఫ్రెట్‌కీ మధ్య 31 మి.మీ. ఉంటుంది. పదకొండుకీ పన్నెండుకీ మధ్య 18.7. ఇరవైకీ ఇరవై ఒకటికీ మధ్య 11 మాత్రమే. అందులో ఫ్రెట్ తీగ వెడల్పు రెండున్నర మి.మీ. పోతే, బయటికి కనిపించే చెక్క ఎనిమిదిన్నర. అక్కడ అటూ ఇటూ మిల్లీమీటరు ఎత్తున్న ఫ్రెట్ల మధ్య గట్టి చిప్పను వంపుగా అరగదీయడం చిన్న పని కాదు. పెద్ద పలకలకు ఫ్రెట్లు పీకాల్సిందే అనేవాళ్ల వాదనకు బలం ఇక్కడి నుంచే వస్తుంది. దానికి పరిష్కారం చెప్పే ముందు, బోర్డులో ఇప్పుడు ఏముందో చూడాలి.

లోపల ఉన్నదేంటి

పాత ముక్క ఏ పదార్థమో తెలియకుండా దాని మీద వేడి గానీ రసాయనం గానీ పెట్టకూడదు. నిజమైన చిప్పయితే గిటార్‌ను అటూ ఇటూ తిప్పుతుంటే మెరుపు లోతు నుంచి కదులుతుంది, ఏ రెండు ముక్కలూ ఒకేలా ఉండవు. ప్లాస్టిక్ అయితే సుడులు ఒకే తీరులో ఉంటాయి. అనుమానం తీరకపోతే, దూది పుల్ల కొనకు అసిటోన్ చాలా కొద్దిగా తడిపి ముక్క మధ్యలో తాకిస్తే చాలు. చాలా రకాల ప్లాస్టిక్ జిగటగా మారుతుంది, చిప్పకు ఏమీ కాదు. ఆ అసిటోన్ బైండింగ్‌కు గానీ నెక్ మీద ఉన్న లక్కర్‌కు గానీ తగిలితే అవీ కరుగుతాయి. కాబట్టి సీసాను గిటార్‌కి దూరంగా పెట్టుకోండి.

1950ల నాటి లెస్ పాల్‌లలో ఆ మెరిసే ట్రెపిజాయిడ్లు సెల్యులాయిడ్‌వి. సెల్యులాయిడ్ అంటే సెల్యులోజ్ నైట్రేట్‌లో కర్పూరం కలిపి చేసిన ప్లాస్టిక్. మన దేవుడి గదిలో వెలిగించే ఆ పదార్థమే దానికి మెత్తదనం ఇస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ కర్పూరం ఆవిరై పోతుంటుంది, ముక్క ముడుచుకుంటుంది, పచ్చబడుతుంది, మూలలు పైకి తిరుగుతాయి. ముడుచుకున్న ఇన్‌లే చుట్టూ సన్నటి నల్లటి సందు కనిపించడానికి కారణం ఇదే. ఇంకా ముఖ్యమైనది, సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది. సోల్డరింగ్ ఐరన్‌తో వేడి చేసి తీయండి అన్న సలహా చిప్పకు సరే, సెల్యులాయిడ్‌కు ప్రమాదం.

అంత పాత గిటార్ మీ దగ్గరుంటే ఈ పని వద్దే వద్దు. పచ్చబడిన ఆ పలకలే దాని విలువలో భాగం. 1959 నుంచి 1964 దాకా ఫెండర్ వాడిన, క్లే అని అందరూ పిలిచే మట్టిరంగు చుక్కలకూ అదే మాట. లేచిన మూలను కాస్త జిగురుతో అదిమి పెట్టించుకుని ఊరుకోండి. ఇన్‌లేలు మార్చుకోవడానికి తగినవి మనం రోజూ వాయించుకునే మామూలు గిటార్లు.

పాత ముక్కను బయటికి తేవడం

మొదటి పని ఫ్రెట్లను కప్పడం. ప్రతి ఫ్రెట్ మీదా రెండు మూడు పొరలు మాస్కింగ్ టేప్ వేయాలి, లేదా మధ్యలో సన్నటి గాటున్న పలచని స్టీలు రేకు పెట్టుకోవాలి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. ఇన్‌లే పక్కన చెక్క వెంట్రుకవాసి లోతు పడినా గిటార్ శ్రుతికి ఏమీ కాదు, తీగ ఆనేది ఫ్రెట్ మీద గానీ చెక్క మీద కాదు. కానీ ఆకురాయి జారి ఒక ఫ్రెట్ తల అరిగితే, అక్కడ నొక్కిన స్వరం ముందున్న ఫ్రెట్‌కు తగిలి గరగరలాడుతుంది. ఈ పనిలో కంటికి మాత్రమే తెలిసే తప్పులుంటాయి, చెవికి తెలిసే తప్పులుంటాయి. రెండో రకం జరగకుండా చూసుకుంటే మొదటి రకాన్ని ఎప్పుడైనా దిద్దుకోవచ్చు.

చుక్కను తీయడానికి మంచి దారి, దాని నడిమధ్యలో సన్నటి రంధ్రం వేసి, చిన్న స్క్రూ రెండు మూడు చుట్లు బిగించి, నిలువుగా పైకి లాగడం. చుట్టూ గిల్లి లేపాలని చూస్తే రోజ్‌వుడ్ అంచు పెళ్లలు ఊడతాయి, తర్వాత ఆ మచ్చను దాచడం చుక్క మార్చడం కంటే పెద్ద పని. డ్రిల్ బిట్‌కు టేప్ చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి. ఫ్రెట్‌బోర్డు మందం మధ్యలో మహా అయితే 5 నుంచి 6 మి.మీ. దాని కిందే ట్రస్ రాడ్, అంటే నెక్ వంపును సర్దే లోహపు కడ్డీ, ఉంటుంది. 1962 మధ్య నుంచి 1980ల మొదటి వరకు వచ్చిన రోజ్‌వుడ్ ఫెండర్లలో అయితే, బోర్డు వంపు తిరిగిన పలచటి పొర మాత్రమే. అక్కడ లోతుగా పోవడానికి చోటే లేదు.

పలకల్ని తీయడం వేరు. ప్లాస్టిక్ పలకైతే, అంచుకు రెండు మి.మీ. లోపలగా చిన్న రౌటర్ బిట్‌తో మధ్య భాగాన్ని తవ్వేసి, మిగిలిన సన్నటి చట్రాన్ని ఉలితో లోపలి వైపుకు కూల్చుకుంటూ రావాలి. బలం ఎప్పుడూ గుంట మధ్యలోకే పోవాలి, చెక్క అంచు మీదకు కాదు. చిప్ప పలకైతే, ఆరల్డైట్ లాంటి జిగుర్లు వేడికి మెత్తబడతాయి. సోల్డరింగ్ ఐరన్ కొనను ముక్క మధ్యలో కాసేపు ఆనించి, కొన దగ్గర పలచటి బ్లేడుతో లేపి చూడాలి. ఎక్కువసేపు పెడితే చిప్ప నల్లబడి పగులుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఫ్రెట్‌బోర్డును నెక్‌కు పట్టి ఉంచేదీ జిగురే. అదీ వేడికి వదులుతుంది. కొద్దికొద్దిగా వేడి చేస్తూ మధ్యమధ్యలో ఆపడమే పద్ధతి.

మేపుల్ బోర్డు మీద నల్ల చుక్కలుంటే పైన లక్కర్ పొర ఉంటుంది. ముందు చుక్క చుట్టూ పదునైన బ్లేడుతో ఆ పొరను కోయకపోతే, చుక్కతో పాటు లక్కర్ కూడా పెచ్చులుగా లేస్తుంది. పని అయ్యాక ఆ చోట మళ్లీ లక్కర్ వేయాలి. అనుభవం లేనివాళ్లు రోజ్‌వుడ్ మీద మొదలుపెట్టడం మేలు అంటాను.

గుంట

పాత ముక్క రూపంలోనే కొత్తది పెడుతుంటే గుంట సిద్ధంగా ఉన్నట్టే. కాకపోతే బజారులో కోసి అమ్మే ట్రెపిజాయిడ్ల సెట్ మీ గుంటల్లో అచ్చంగా కూర్చుంటుందనే నమ్మకం లేదు. గిబ్సన్‌కు కోసినవి దాని నకళ్లకు సరిపోవు, నకళ్లలో ఒక బ్రాండ్‌వి ఇంకొక బ్రాండ్‌కు సరిపోవు. కొనేముందు ప్రతి గుంట మీదా పలచటి కాగితం పరిచి పెన్సిల్‌ను అడ్డంగా రుద్దితే అంచులు కచ్చితంగా అచ్చుపడతాయి. ఆ అచ్చుకు కొలత తీసుకోండి. కొత్త ముక్క వెంట్రుకవాసి పెద్దదైతే ముక్కను ఆకురాయితో తగ్గించుకోవచ్చు, చిన్నదైతే చుట్టూ సందు పడుతుంది. మరీ బిగుతు కూడా పనికిరాదు. గాలిలో తేమను బట్టి చెక్క ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది, చిప్ప కదలదు. విశాఖ వానాకాలానికీ ఏసీ గదికీ మధ్య తిరిగే గిటార్‌కి ఈ కదలిక ఎక్కువే.

చుక్కల స్థానంలో పలకలు పెట్టాలంటే కొత్త గుంట తవ్వాలి. గుంటను పెద్దది చేయగలం గానీ చిన్నది చేయలేం కాబట్టి, కొత్త పలక పాత చుక్కను పూర్తిగా కప్పాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఇదే ఇబ్బంది పెడుతుంది. అక్కడ రెండు చుక్కలుంటాయి, కొన్ని గిటార్లలో అవి చాలా దూరంగా ఉంటాయి. రెండిటినీ కప్పేంత వెడల్పు పలక ముందే చూసుకోవాలి. చుక్క రంధ్రం కొత్త గుంట కంటే లోతుగా ఉంటే అడుగున చెక్క బిళ్ల అంటించి పూడ్చాలి, లేదంటే పలక కింద బోలుగా ఉండి ఒత్తిడికి చిప్ప పగులుతుంది.

రౌటర్‌ను ఎలా ఆనించి తవ్వుతామన్నది చాలామంది పట్టించుకోని సంగతి. డ్రెమెల్ లాంటి చిన్న రౌటర్ పీటను నేరుగా ఫ్రెట్ల మీద పెట్టి నడిపితే, అది బోర్డు వంపును అనుసరిస్తూ ఊగుతుంది. గుంట అడుగు కూడా వంపుగా తయారవుతుంది. ప్లాస్టిక్ పలకను వేడి చేసి వంచి పెట్టేటట్టయితే అది మంచిదే. చిప్ప వంగదు కాబట్టి దానికి చదునైన అడుగు కావాలి. అందుకు నెక్‌కు రెండు వైపులా ఒకే ఎత్తులో రెండు చెక్క పట్టాలు బిగించి, రౌటర్ పీట వాటి మీద నడిచేలా చేయాలి. ఫ్రెట్లకు తగలకుండా పీట పైనే జారుతుంది. లోతు లెక్కను చెక్క మధ్య భాగం నుంచే కొలవాలి. చివరల దగ్గర కొలిచి బిట్ దించితే మధ్యలో అర మిల్లీమీటరు ఎక్కువ లోతు పడుతుంది. మూలలు గుండ్రంగానే వస్తాయి, వాటిని ఉలితో దిద్దుకోవాలి.

పాత గుంటే వాడుతుంటే దాని అడుగు చదునో వంపో ముందే తేల్చుకోండి. చిన్న స్టీలు స్కేలును అడ్డంగా నిలబెట్టి వెనక నుంచి టార్చి వేస్తే తెలిసిపోతుంది. వంపు అడుగులో చదును చిప్ప మధ్యలో మాత్రమే ఆని చివరలు గాలిలో ఉంటాయి. క్లాంప్ బిగిస్తే విరుగుతుంది.

వంపు ముందు, జిగురు తర్వాత

ఇక పరిష్కారం. చివర ఫ్రెట్ల మధ్య తీయాల్సిన ఆ అర మిల్లీమీటరును గిటార్ బయటే తీసేయాలి. లెస్ పాల్ తరహా బోర్డుకు తొమ్మిది పలకలు కావాలి. వాటి చుట్టుకొలతలు గుంటలకు సరిపోయేలా దిద్దుకున్నాక, ఒక చదునైన చెక్క మీద మధ్య గీత గీయండి. ఆ గీతకు ప్రతి పలక మధ్యభాగం వచ్చేలా, ఒకదాని పక్కన ఒకటి వరుసగా, రెండు వైపులా అంటే టేపుతో అంటించండి. ఇప్పుడు మీ ముందున్నది ఫ్రెట్లు లేని ఒక చిన్న బోర్డు. దాని మీద 305 మి.మీ. లోవంపు ఉన్న దిమ్మతో, ఉప్పుకాగితం పెట్టి, వరుస పొడవునా అరగదీయండి. దిమ్మ అటూ ఇటూ వాలకుండా పక్కల్లో చెక్క దారులు పెట్టుకోవాలి. వరుస పొడవుగా ఉండటం వల్ల దిమ్మ ముందుకూ వెనక్కీ ఊగదు. ఒక్కొక్క ముక్కను విడిగా అరగదీస్తే ఆ నిలకడ రాదు. అన్నీ కలిపి చేయడంలో ఉన్న లాభం అదే.

ప్రతి ముక్క మధ్యలో పెన్సిల్‌తో గీత గీసి ఉంచుకోండి. ఆ గీత చెరగడం మొదలవగానే ఆపాలి. అంటే మధ్య మందం దాదాపు అలాగే ఉంది, చివరలు మాత్రం వంపులోకి దిగాయి. గుంటలో పెట్టి చూస్తే ముక్క ఎక్కడ చూసినా చెక్క కంటే ఒక్క పదో వంతు మిల్లీమీటరు పైకి ఉండాలి. లోతు ఎక్కువైతే అడుగున పలచటి వెనీర్ పొర అంటించవచ్చు, తక్కువైతే ఉలితో కాస్త గీయవచ్చు. ఈ కొలత కుదిరేదాకా జిగురు మూత తీయొద్దు.

ముత్యపు చిప్ప దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. మంచి మాస్క్ వేసుకుని, తడిపి అరగదీస్తే దుమ్ము లేవదు. గిటార్ బయట చేస్తున్నాం కాబట్టి ఇక్కడ నీళ్లు వాడటానికి భయం లేదు. బోర్డు మీద అయితే ఆ వీలు ఉండదు. వంపు ముందే ఇవ్వడానికి ఇదీ ఒక కారణం.

పలచటి చిప్ప కొంత పారదర్శకం. చివరల్లో మందం తగ్గిన చోట కింది చెక్క నలుపు పైకి కనిపించి మెరుపు తగ్గుతుంది. ముక్క అడుగున తెల్లరంగు పూసినా, జిగురులో తెల్ల పొడి కలిపినా చిప్ప తన వెలుగుతో కనిపిస్తుంది. చాలా కొద్ది శ్రమ, కంటికి చాలా పెద్ద తేడా.

జిగురుకు నా ఓటు నెమ్మదిగా గట్టిపడే ఆరల్డైట్‌కే. సందులు నింపుతుంది, ముక్కను సర్దుకోవడానికి టైమ్ ఇస్తుంది, అడుగు సరిగ్గా లేకపోయినా పరుపులా ఆనిస్తుంది. అందులో రోజ్‌వుడ్ పొడి కలిపితే అంచుల సందులు చెక్క రంగులో కలిసిపోతాయి. ఆ పొడిని బోర్డు నుంచి కాకుండా వేరే రోజ్‌వుడ్ ముక్క నుంచి తీసుకోండి. ఇరుగుడు చెక్క వాడే వడ్రంగి దగ్గర అడిగితే దొరుకుతుంది, మన రోజ్‌వుడ్ ఆ చెట్టుదే. ఫెవిక్విక్ రకం జిగురు మాత్రం రోజ్‌వుడ్ రంధ్రాల్లోకి క్షణంలో పాకి చుట్టూ నల్లటి మచ్చ చేస్తుంది. సందులు పూడ్చడానికి అదే వాడాల్సి వస్తే, ముందు గుంట అంచుకు పలచగా లక్క పాలిష్ పూసి ఆరనివ్వండి.

అదిమి పెట్టడానికి బోర్డు వంపుకు సరిపోయే చిన్న చెక్క ముక్క, ఆ చెక్క ముక్కకీ ఇన్‌లేకీ మధ్య మైనం కాగితం, పైన లేత క్లాంప్. గట్టిగా బిగించే అవసరమే లేదు. ఒక రాత్రి వదిలేయాలి.

ఫ్రెట్ల మధ్య మిగిలిన పని

ఇంతా చేశాక బోర్డు మీద మిగిలేది పదో వంతు మిల్లీమీటరు చిప్ప, చుట్టూ కాస్త పైకి వచ్చిన జిగురు. ముందు జిగురు తీయాలి. పాతకాలపు షేవింగ్ బ్లేడు తీసుకుని, దాని అంచుకు రెండు చివరలా ఒక్కొక్క పొర సెల్లో టేప్ అంటించి, మధ్యలో మాత్రం అంచు బయటికి ఉంచండి. ఆ టేప్ చెక్క మీద జారుతుంది, మధ్య అంచు జిగురును మాత్రమే గీస్తుంది. చెక్కను కోయకుండా ఆపేది ఆ టేప్ మందమే.

తర్వాత చిప్ప. లోవంపు దిమ్మను అడ్డంగా ముక్కలుగా కోసి, ఒకటి 15 మి.మీ., ఇంకొకటి 6 మి.మీ. వెడల్పున ఉంచుకోండి. మొదటిది కింది ఫ్రెట్లకు, రెండోది పైన ఇరుకు చోట్లకు. 220 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి, 320, 400, 600 దాకా పోవాలి. అడ్డంగా రుద్దితే వంపు బాగా వస్తుంది గానీ చెక్క పోగుకు అడ్డంగా గీతలు పడతాయి. కాబట్టి ప్రతి నంబరులోనూ చివరి రుద్దులు పోగు వెంట, చిన్నగా ముందుకూ వెనక్కీ ఉండాలి. చిప్ప మెరుపు కోసం ఇంకా సన్నటి నంబర్లతో చిప్ప మీద మాత్రమే పాలిష్ చేయొచ్చు. స్టీల్ ఊల్ వాడకపోవడమే మంచిది. దాని ఇనప పొడి పికప్‌ల (తీగల కదలికను పట్టే భాగాల) అయస్కాంతాలకు పట్టుకుంటే వదిలించడం కష్టం. తప్పదనుకుంటే పికప్‌లను ముందు టేప్‌తో పూర్తిగా మూసేయండి.

చదునైందో లేదో చూపుతో తేల్చొద్దు. కళ్లు మూసుకుని వేలి కొన అటూ ఇటూ నడిపితే అంచు తగిలితే తెలుస్తుంది. తగలకపోతే ఆపేయాలి. ఇంకా రుద్దితే చెక్క చిప్ప కంటే త్వరగా అరిగి, ఇన్‌లే చుట్టూ చిన్న పల్లం పడుతుంది. రోజ్‌వుడ్‌కు చివర ఒక చుక్క నూనె రాసి తుడిస్తే రంగు కలుస్తుంది.

పీకక తప్పని చోట

ఇబానెజ్ జెమ్ గిటార్లలో కొన్నిటి మీద పూలతీగ లాంటి ఇన్‌లేలు ఉంటాయి. అలాంటి తీగలు ఫ్రెట్ల కింద నుంచి పాకుతూ మొత్తం బోర్డు అంతా అల్లుకుంటాయి. ఫ్రెట్ గాట్లు వాటి మీదుగానే కోసి ఉంటాయి. అక్కడ ఫ్రెట్లు ఉంచి చేసే ప్రయత్నం అనవసరం. ఒక్క ఆకు ఊడితే ఆ ఆకు వరకు అంటించుకోవచ్చు గానీ తీగ మొత్తం మార్చాలంటే రీఫ్రెట్ సమయం వచ్చేదాకా ఆగాలి. బైండింగ్ లేకుండా అంచు నుంచి అంచు దాకా పోయే వెడల్పాటి పలకలూ, 184 మి.మీ. లాంటి గుండ్రటి బోర్డు మీద పెద్ద పలకలూ అదే దారి. 

తాత్కాలికంగా చూపు మారితే చాలనుకునేవాళ్లకు పలచటి ఇన్‌లే స్టిక్కర్లున్నాయి. వేళ్ల రాపిడికి నిలబడతాయి, నచ్చకపోతే తీసేయొచ్చు. చెక్క కోయాలా వద్దా అని తేల్చుకోలేనివాళ్లు, అనుకున్న ఆకారాన్ని ముందు స్టిక్కర్లతో కొన్నాళ్లు చూసుకుని తర్వాత చిప్ప కొనడం మంచి పద్ధతి.

తీగలు మళ్లీ వేశాక పది నంబరు తీగల సెట్ నెక్ మీద దాదాపు 45 కిలోల బలంతో లాగుతుంది. ఆ లాగుడుకూ, మారే వాతావరణానికీ కొత్త ముక్క చుట్టూ చెక్క సర్దుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది. వానాకాలం పోయి చలికాలం వచ్చాక ఒకటి రెండు అంచుల్లో సన్నటి గీత కనిపిస్తే కంగారు పడొద్దు. ఫ్రెట్లకు మళ్లీ టేప్ వేసి, ఆ గీతలో రోజ్‌వుడ్ పొడి నింపి, సూది కొనతో ఒక చుక్క జిగురు దించి, ఆరాక బ్లేడుతో గీసేస్తే సరిపోతుంది.